కొటేషన్లలో మా తమ్ముడు

మొన్న నా వల్ల మా తమ్ముడి సంబంధం తప్పిపోయేదే. ఎవరితోనో గొడవపడి కాదు, మాట తూలీ కాదు. ఎంతో శ్రద్ధగా రాసిన ఒక వాట్సాప్ మెసేజ్‌తో.

మా కిరణ్ కంచికచర్లలో మోటార్ల షోరూమ్‌లో మేనేజర్. నందిగామ సంబంధం వచ్చింది. అమ్మాయి సింధు, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో ఒకరికొకరు నచ్చారు. బంధువులకి చూపించాలి, అబ్బాయి వివరాలు రాసి పంపండి అన్నారు వాళ్ళమ్మగారు. మాకు అమ్మా నాన్నా లేరు కాబట్టి ఆ పెద్దరికం నాదే. మా ఊరు పేటలో, మా స్టీలు సామాన్ల కొట్లో కూర్చుని, బేరాల మధ్యలో టైప్ చేసి పంపా.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోన్. గొంతులో ముందున్న చనువు లేదు. ఒకసారి రాగలరా అన్నారు. కిరణ్‌ని కూడా తీసుకురానా అంటే, "వద్దండి. మీరొక్కరే రండి," అన్నారు.

కొట్టు మా ఆయనకి అప్పజెప్పి బస్సెక్కా. చిల్లకల్లు రాకముందే కిరణ్‌కి ఫోన్ చేసి, వాళ్ళకేదో తెలిసింది, నిజం చెప్పు అని నిలదీశా. ఏం లేదక్కా అన్నాడు. గట్టిగా అడిగా. అప్పుడు నెమ్మదిగా, షోరూమ్ వెనకాల అప్పుడప్పుడూ సిగరెట్ కాలుస్తానని ఒప్పుకున్నాడు. ఇక నందిగామ వచ్చేదాకా వాళ్ళకెలా సర్దిచెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నా.

హాల్లో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. వాళ్ళమ్మగారు కాఫీ ఇచ్చారు గానీ తాగమనలేదు. వాళ్ళ నాన్నగారు, రిటైరైన టీచరు, నేలకేసి చూస్తున్నారు. సింధు చేతిలో ఫోన్ ఉంది.

"ఏమీ అనుకోకండి. ఎలాంటి అలవాట్లు లేవని రాశారు కదా, అది..."

ఆ పిల్లని పూర్తి చేయనిస్తేగా. "అమ్మా, నాకూ ఇందాక బస్సులోనే తెలిసింది. అప్పుడప్పుడూ ఒక సిగరెట్టేనట. మానిపించే పూచీ నాది," అని గబగబా చెప్పేశా.

వాళ్ళ నాన్నగారు తలెత్తి నన్ను చూశారు.

"సిగరెట్ సంగతి మాకు తెలీదండి," అంది సింధు. "నేనడుగుతోంది ఈ కొటేషన్ల గురించి."

ఫోన్ నా వైపు తిప్పింది. నా మెసేజే. మా కిరణ్ "ఎలాంటి అలవాట్లు లేని" కుర్రాడు. "మేనేజర్" ఉద్యోగం. "సొంత" ఇల్లు. మీ అమ్మాయిని "కూతురిలా" చూసుకుంటాం.

ఇందులో తప్పేముందో నాకు బోధపడలేదు. ముఖ్యమైన మాటలు కదా, అందుకే పెట్టానన్నా. బళ్ళో మా తెలుగు మాస్టారు అలాగే పెట్టమనేవారు. సింధు ఓపిగ్గా చెప్పింది. ఒకరన్న మాటని ఉన్నదున్నట్టు చెప్పేటప్పుడు పెట్టే గుర్తులట అవి. ఇప్పటివాళ్ళు ఉత్తి మాటకి అవి తగిలిస్తే మాత్రం, పేరుకే అలా అంటున్నాం, నిజం కాదు అని వెటకారమట. "కూతురిలా" దగ్గరే వాళ్ళమ్మగారు బెంగపెట్టుకున్నారట.

మా కొట్టు బోర్డు గుర్తొచ్చి నాకు చెమట పట్టింది. "నాణ్యమైన" సామాన్లు అని కొటేషన్లు పెట్టి మరీ రాయించా.

వాళ్ళ నాన్నగారి మొహం కూడా మారింది. "ప్రోగ్రెస్ కార్డుల మీద నేనూ 'తెలివైన' విద్యార్థి అని కొటేషన్లలోనే రాసేవాణ్ణమ్మా," అన్నారు దిగులుగా.

అప్పుడు నవ్వింది సింధు. మెసేజ్‌లో మొదటి వాక్యం ఇంకోసారి చదువుకుని, "అయితే వదినా, ఒక్కచోట మాత్రం కొటేషన్లు కరెక్ట్‌గానే పెట్టారు," అంది.

వదినా అన్న మాట విన్నాక గానీ నాకు ప్రాణం కుదుటపడలేదు. కాఫీ చల్లారిపోయింది, అయినా గుక్కలో తాగేశా. సిగరెట్ సంగతి కిరణ్‌తో తనే తేల్చుకుంటానంది. ఏం తేల్చిందో గానీ, మా వాడు ఇప్పుడు షోరూమ్ వెనక్కే వెళ్ళట్లేదట.

ముహూర్తం పెట్టుకున్నాం. శుభలేఖ సింధే రాస్తోంది. నాకు పంచే పని మాత్రం ఇచ్చారు, అదీ ఇంటింటికీ వెళ్ళి ఏమీ మాట్లాడకుండా ఇచ్చి రావాలని మా తమ్ముడి షరతు.