బ్రేకు మాస్టారి తేలిక కారు

మా మామయ్యను రేసుకు వెళ్ళనివ్వకూడదని మా అత్తయ్య కత్తెర పట్టుకుని కారు సీటు బెల్టు కత్తిరించేసిందట. ఆయన ఏమాత్రం తగ్గకుండా, బెల్టు లేకుండానే, ప్రాణాలకు తెగించి పందెంలో తిరిగి వచ్చాడట. మా వీధి ఇస్త్రీ దుకాణం ఆయన ఈ కథను చొక్కాలతో పాటు మడతపెట్టి అందరికీ ఇస్తుంటాడు. వెళ్ళిన ప్రతిసారీ ఒక మడత ఎక్కువ ఉంటుంది. మొన్నటికి కారు రెండు పల్టీలు కొట్టింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

మామయ్య డ్రైవింగ్ స్కూలు మాస్టారు. వీధిలో అందరూ బ్రేకు మాస్టారు అంటారు. స్కూలు కారులో నేర్చుకునేవాడి పక్క సీటు కిందా ఒక బ్రేకు ఉంటుంది. మామయ్య జీవితం ఆ బ్రేకు మీద కాలు పెట్టి గడిచింది. "నెమ్మది, నెమ్మది" అన్నది ఆయనకు మాట కాదు, ఊపిరి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంతవరకు ఎవరినీ గుద్దలేదు. వాళ్ళను వెనకనుంచి గుద్దినవాళ్ళు మాత్రం బోలెడుమంది. బస్సులో కూర్చున్నా, ఇంట్లో సోఫాలో కూర్చున్నా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది.

ఇంతటి మహావేగి ఒకనాడు స్పోర్ట్స్ కారు కొన్నాడు. వెలిసిపోయిన పసుపు రంగు, రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. ఆయన పాత శిష్యుడొకడు సరదాపడి కొనుక్కుని, మొదటి మలుపులోనే జడుసుకుని, గురుదక్షిణలాగా చవకగా వదిలించుకున్నాడు. రోడ్డు మీద తిరిగే కారును తీసుకెళ్ళి రేసు ట్రాక్ మీద ఎవరికి వారు తిప్పుకునే రోజులుంటాయట. పందెం లేదు, బహుమతి లేదు. డబ్బు కట్టి గుండ్రంగా తిరిగి రావడమే. ఆ రోజు కోసం కారును సిద్ధం చేస్తానని మామయ్య షెడ్డులో దిగాడు.

ఆ షెడ్డులో సగం అత్తయ్యది. అక్కడ రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని స్కూలు యూనిఫాంలు కుడుతుంది. చదువు మధ్యలో ఆగిపోయాక నేను రెండో మిషన్ దగ్గరికి వచ్చాను. మిగతా సగంలో, గుడ్డ అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ పెట్టాలని అత్తయ్య ఎప్పటినుంచో అనుకుంటోంది. అక్కడ పసుపు కారు పడుకుంది.

అత్తయ్య అరవలేదు. షరతు పెట్టింది.

"ఒక్కరోజు. ఆ ట్రాకేదో ఎక్కి, సొంత చక్రాల మీద ఇంటికి రావాలి. ఎక్కలేకపోయినా, లారీ మీద వచ్చినా, కారు అమ్మేస్తాం. ఆ చోటు నాది."

"ఎందుకు ఎక్కను?" అన్నాడు మామయ్య.

"మీరు మిద్దె మెట్లే ఆగి ఆగి ఎక్కుతారు."

మామయ్య సిద్ధాంతం ఒకటే: కారు తేలికవ్వాలి. వెనక సీటు పీకేశాడు. కింద పరిచిన తివాచీ పీకేశాడు. రేడియో, స్పేర్ చక్రం, దాని పక్కనున్న పనిముట్ల సంచి, అన్నీ పీకి పాతసామాను వాడికి ఇచ్చేశాడు. ప్రతి వస్తువునూ మేం గుడ్డముక్కలు తూచే కాటా మీద పెట్టి, ఎంత బరువు దిగిందో నాకు వినిపించేవాడు. ఇస్త్రీ ఆయన చూడ్డానికి వచ్చి, "మాస్టారూ, ఇంత కష్టం దేనికి, మీ పొట్ట ఒక్కటి ఇంట్లో పెట్టి వెళ్ళండి, సరిపోతుంది" అన్నాడు. మామయ్య నవ్వలేదు. బరువు విషయంలో ఆయనకు హాస్యం గిట్టదు.

చివరికి ముందు సీటు వంతు వచ్చింది. నడిపేవాడి పక్క సీటు. ఇన్నేళ్ళూ ఏ సీటులో కూర్చుని బతికాడో దాన్నే, బెల్టుతో సహా, బోల్టులు విప్పి బయట పడేశాడు.

"అది నా సీటండీ" అంది అత్తయ్య, మిషన్ ఆపకుండానే.

"నువ్వు ఎలాగూ ఎక్కవుగా?"

"ఎక్కను. అయినా నాదే."

ఆ సీటును, దాని బెల్టును పాతసామాను వాడికి ఇవ్వనివ్వలేదు. మెట్లకింద పెట్టించింది.

తర్వాత బ్రేకుల సంగతి. కొత్త బ్రేకు ఆయిలు పోశాడు, ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు వేశాడు. అవి బాగా వేడెక్కితేగాని పట్టవట. ఈ ముక్క తెలియడానికి ముందే మామయ్య కారును వీధి చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చాడు. గేటు దగ్గర చల్లటి బ్రేకు తొక్కితే కారు కీచుమంది గాని ఆగలేదు. ఆరేసిన యూనిఫాంల తాడును తెంపుకుని లోపలికి వచ్చింది. ముందు అద్దం మీద ఒక గౌను, కప్పు మీద నాలుగు నిక్కర్లు.

"బ్రేకు మాస్టారు వచ్చారు" అంది అత్తయ్య.

హెల్మెట్ అలవాటు కావాలని ఇంట్లో కూడా అదే పెట్టుకుని తిరిగేవాడు. పెట్టుకుంటే ఏమీ వినపడదని నాతో అంటే, పెట్టుకోకముందు ఏం వినపడిందో అడగమంది అత్తయ్య.

ట్రాక్ రోజు దగ్గరపడుతుండగా అత్తయ్య ఆ ట్రాక్ వాళ్ళకు ఫోన్ చేసింది. చాటుగా కాదు, నా ఎదుటే. "మా ఆయన రారు, కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేయండి" అంది. ఇవ్వరట. అవతలివాళ్ళు ఇంకేదో చాలాసేపు చెప్పారు. "ఊఁ" కొడుతూ వింది. పెట్టేశాక కాసేపు మెట్లకిందికి చూస్తూ కూర్చుంది. మర్నాడు గుమ్మం బయట, వెలుతురులో, ఆ సీటు బెల్టు ఒళ్ళో పెట్టుకుని పెద్ద కత్తెరతో కోసింది. ఎదురుగా ఇస్త్రీ దుకాణం.

ఆ రోజు రానే వచ్చింది. కారులో నాకు చోటు లేదు. అన్నం క్యారియర్‌కూ చోటు లేదు, అది బరువు కదా. అందుకని మామయ్య కారులో వెళ్ళాడు, నేను క్యారియర్‌తో బస్సులో వెళ్ళాను. బయల్దేరేటప్పుడు అత్తయ్య సంచిలో, క్యారియర్ అడుగున, ఒక గుడ్డమూట దోపింది.

"వాళ్ళు కొక్కెం అడిగితే ఇది ఇవ్వు. అడక్కపోతే నోరు మెదపకు, వెనక్కి తెచ్చెయ్."

ట్రాక్ దగ్గర ప్రతి కారునూ చూసి పంపుతున్నారు. మామయ్య కారు దగ్గరికి వచ్చినవాడు కుర్రవాడే, ఆయన శిష్యుల వయసు. బ్యాటరీ ఊపి చూశాడు. నడిపేవాడి సీటు బెల్టు లాగి చూశాడు. బ్రేకు దీపాలు చూశాడు. మామయ్య ప్రతిదానికీ, పరీక్షలో ముందే జవాబులు తెలిసినవాడిలా తల ఊపుతున్నాడు.

"లాగే కొక్కెం ఏది సార్?"

"ఏ కొక్కెం?"

"ముందు బంపర్‌కి పెట్టేది. మీరు ఇసుకలోకి పోతే తాడు కట్టి లాగాలి కదా."

"నేను ఇసుకలోకి పోను. నేను డ్రైవింగ్ మాస్టార్ని."

"అందరూ పోమనే అంటారు సార్. పనిముట్ల సంచిలో ఉంటుంది, చూడండి."

పనిముట్ల సంచి. ముక్కాలు కిలో దిగిందని నాకు గర్వంగా వినిపించిన సంచి. మామయ్య హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కుడికాలు మాత్రం నేలను తొక్కుతోంది.

"అది లేకపోతే పంపను సార్. పక్కకి తీయండి, వెనక కార్లున్నాయి."

ఆయన ముఖం చూశాను. ఓవర్‌లాక్ మిషన్ వచ్చి షెడ్డులో కూర్చున్నట్టే ఉంది.

కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు రాదు. అందుకని మూట విప్పి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. సీటు బెల్టు పట్టీ. ఒక చివర బోల్టు పట్టే ఇనపరేకు అలాగే ఉంది. రెండో చివర మడిచి, రెండు పొరలు వేసి, ఉచ్చులా కుట్టి ఉంది. కుట్టు మీద కుట్టు, అడ్డంగా, నిలువుగా, మూలనుంచి మూలకు. దూరానికి కనపడాలని పైన యూనిఫాం ఎర్రగుడ్డ తొడిగి ఉంది.

అతను రెండు చేతులతో గుంజాడు. కాలితో తొక్కిపెట్టి మళ్ళీ గుంజాడు.

"ఎవరు కుట్టారు సార్ ఇది?"

మామయ్య నావైపు చూశాడు. "అత్తయ్య" అన్నాను. మామయ్య హెల్మెట్ పెట్టేసుకున్నాడు. అద్దం కూడా దించేసుకున్నాడు. ఆ ముఖం ఎలా ఉందో నేను చెప్పలేను.

అతనే బంపర్ వెనక బోల్టుకు పట్టీ బిగించి పంపాడు.

ఇక మహాపందెం. మామయ్యను అందరూ దాటిపోయారు. దాటేవాళ్ళకు ఆయన చెయ్యి బయటపెట్టి మర్యాదగా దారి చూపించాడు. ప్రతి మలుపులోనూ ఇండికేటర్ వేశాడు. కంచె దగ్గర నిలబడినవాళ్ళు చూసి చూసి, పసుపు కారు వస్తుంటే ముందే చెప్పుకోసాగారు, "ఇదిగో, వేస్తాడు చూడు." వేశాడు.

మామయ్య కాస్త ఆగడానికి లోపలికి వచ్చినప్పుడు ఆ అబ్బాయి ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లిగా అన్నాడు, "సార్, ట్రాక్‌లో ఇండికేటర్ అక్కర్లేదు."

"వెనక వచ్చేవాడికి తెలియాలి కదయ్యా."

"ట్రాక్ అటే తిరుగుతుంది సార్. వాళ్ళకి తెలుసు."

మామయ్య దీని గురించి ఆలోచించాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు మొదటి మలుపులో వేశాడు. రెండో మలుపులో వెయ్యలేదు. మూడో మలుపులో ఇండికేటరూ వెయ్యలేదు, బ్రేకూ వెయ్యలేదు. అంటే, వేశాడు గాని ఆలస్యంగా వేశాడు. జీవితంలో మొదటిసారి ఆలస్యంగా వేశాడు. కారు తిన్నగా, ఎంతో పద్ధతిగా, ఇసుకలోకి వెళ్ళి దిగబడింది.

ట్రాక్ వాళ్ళ బండి వచ్చింది. ఎర్ర ఉచ్చుకు తాడు తగిలించారు. పట్టీ బిగిసింది. కారు ఒక్క ఊపు ఊగి, ఇసుక రాల్చుకుంటూ బయటికి వచ్చింది. మామయ్య దిగి కంచె దగ్గరికి నడిచివచ్చాడు. హెల్మెట్ తీస్తే కళ్ళు మెరుస్తున్నాయి.

"చూశావా?" అన్నాడు.

"చూశాను మామయ్యా."

"వెయ్యలేదు."

సాయంత్రం కారు సొంత చక్రాల మీద, సొంతంగా ఇంటికి వచ్చింది. అత్తయ్య గుమ్మంలో ఉంది.

"లాగారా?"

"కొంచెం."

ఆయన ముఖం చూడకుండా బంపర్ ముందు గొంతుక్కూర్చుంది. గుడ్డ జరిపి, వేలితో కుట్టు వెంబడి తడిమింది.

"పోగు లేవలేదు" అంది.

"లేవలేదు" అన్నాడు మామయ్య.

ఓవర్‌లాక్ మిషన్ వచ్చి హాల్లో సోఫా ఉన్నచోట కూర్చుంది. సోఫాకు బదులు మెట్లకింది సీటు తెప్పించి, అడుగున చెక్క కొట్టించుకుంది అత్తయ్య. దాంట్లో ఆవిడే కూర్చుంటుంది. మామయ్య పక్కన స్టూలు మీద కూర్చుని నేలను తొక్కుతుంటాడు.

ఇస్త్రీ ఆయన చెప్పేదాంట్లో కత్తెర మాట నిజమే. కోసింది గుమ్మం బయట కాబట్టి ఆయనకు కనపడింది. కుట్టింది షెడ్డు లోపల.