కాలువ కట్టేసిన రోజుల్లో

శని, ఆదివారాలు కాలువగట్టున కాళ్ళు చాపుకుని కూర్చుందామని విశాఖ నుంచి యానాం వెళ్ళాను. మా పిన్ని ఇల్లు గట్టునే ఉంటుంది. గుమ్మం దిగితే రోడ్డు, రోడ్డు దాటితే రేవుమెట్లు. చిన్నప్పుడు దసరా, సంక్రాంతి సెలవులన్నీ ఆ మెట్ల మీదే గడిచాయి. ఆఫీసులో తల వాచిపోయినప్పుడల్లా పాదాల మీదుగా జారిపోయే ఆ నీళ్ళనే తల్చుకునేదాన్ని.

ఆటో దిగి చూద్దును కదా, కాలువలో నీళ్ళే లేవు. అడుగున బురద, అక్కడక్కడా మడుగులు, వాటి చుట్టూ కొంగలు. ఎండాకాలం మరమ్మతులకని నీళ్ళు ఆపి కాలువ కట్టేస్తారని ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. రిలాక్స్ అవుదామని వీకెండ్ వెతుక్కుని మరీ ఆ రోజుల్లోనే వచ్చాను.

"కాలువ కట్టేసేక రేవులో కూచోడానికొచ్చేవా? ఎవరితోనూ అనకు, నవ్విపోతారు," అంది పిన్ని నా సంచి అందుకుంటూ. నాకు నిజంగానే సిగ్గేసింది.

సాయంత్రం ఎండిన మెట్ల మీదే కూర్చున్నాం. పిన్ని తాటిముంజలు ఒలిచి పెడుతోంది. అవతలి గట్టు కింద ఇద్దరు మనుషులు బురదలో చేతుల్తో చేపలు తడుముతున్నారు. పిన్ని వాళ్ళనే చూస్తూ అంది:

"అప్పట్లో మీ బాబాయి అయితే ఈపాటికి లుంగీ ఎగ్గట్టి దిగేవాడు. చేపల కోసం కాదే, నా బిందె కోసం."

నేను చేతిలో ముంజ పక్కన పెట్టేశాను.

ఆ బిందె మా తాతగారు పిన్నికి సారెలో పెట్టింది. ఇత్తడిది. మెడ దగ్గర పిన్ని పేరు చెక్కించారు. మా చిన్నతనంలో బిందె బోర్లించి, దాన్ని పట్టుకుని ఈత నేర్చుకునేవాళ్ళం. బోర్లించి ఉన్నంతసేపూ తేలుతుంది. పక్కకి ఒరిగిందా, గాలి పోయి బుడుంగుమంటుంది. వంతెన దగ్గర లోతు, అటు వెళ్ళొద్దనేవారు. పదకొండేళ్ళ వయసులో నేను సరిగ్గా అటే వెళ్ళి, అక్కడే బిందె పోగొట్టాను. వంతెన మాట ఎత్తితే వీపు విమానం మోతే. అందుకని రేవులో తోముతుంటే జారిపోయిందని చెప్పాను. ఆ తర్వాత మేం రావడం తగ్గిపోయింది; వేసవుల్లో అయితే అసలు రాలేదు.

"ఎన్నేళ్ళు వెతికేడు పిన్నీ?"

"ఐదేళ్ళు. కాలువ కట్టగానే పార పట్టుకుని దిగేవాడు. ఈ మెట్ల కింద గుచ్చని చోటు లేదు."

బాబాయి పోయి ఆరేళ్ళయింది. మోకాలిలోతు బురదలో, నడినెత్తిన ఎండలో, నేను చూపించిన చోట ఐదేళ్ళు వెతికాడాయన. నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఈ ఊళ్ళో నన్ను రమ్మని పిలిచే మనిషి ఇప్పుడు పిన్ని ఒక్కతే. నిజం చెబితే ఆ పిలుపు కూడా పోతుందేమోనని భయం.

ఆదివారం పొద్దున్న అరుగు మీద కాఫీ తాగుతూ చెప్పేశాను.

"బిందె పోయింది రేవులో కాదు పిన్నీ. వంతెన కింద. కొడతారని అబద్ధం చెప్పేను."

పిన్ని గ్లాసు కింద పెట్టింది. వంతెన వైపు చూసింది. తిట్టినా బావుణ్ణనిపించింది.

"ఇక్కణ్ణించి కనపడుతూనే ఉంది కదే," అంది.

లేచి చెప్పులేసుకుంది. మోకాళ్ళ నొప్పులు, వద్దన్నా వినలేదు. నా చెయ్యి పట్టుకుని వంతెన దాకా నడిచింది. కింద ప్లాస్టిక్ సంచులూ, విరిగిన కుర్చీ, బురద. పిట్టగోడ పట్టుకుని వంగి అదంతా మెల్లగా చూసింది.

"దొరకని రోజున నా మొహం చూళ్ళేక పెరటి దారిన వచ్చేవాడు," అంది. "నేనూ మూతి ముడుచుకునే అన్నం పెట్టేదాన్ని. ఒక్కసారైనా, చాల్లెండి వదిలెయ్యండీ అనలేదు."

ఇద్దరం అక్కడే నిలబడి ఏడ్చాం. పక్కనుంచి బళ్ళు పోతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం బస్సు వేళకి పిన్ని గుమ్మం దాకా వచ్చింది. ముంజల సంచి చేతికిచ్చి, "నీళ్ళొదిలేక రా. రేవులో కూచుందువుగాని," అంది.

"కోపం లేదా పిన్నీ?"

"ఉంది. అయినా రా."