పర్చూరు మీదుగా వేటపాలెం, పాత పెద్ద కారులో

కరుణ మద్రాసు బండి మధ్యాహ్నం చీరాలలో ఎక్కాలి. మర్నాడు అక్కణ్ణించి కువైట్ విమానం. దానికి ముందు చీరాల పక్కనే ఉన్న వేటపాలెంలో వాళ్ళమ్మని చూసి పోదామంది. అందుకని పొద్దున్నే ఆరింటికల్లా గుంటూరు బ్రాడీపేటలో బయల్దేరాం. రెండువేల మూడో సంవత్సరం, మిరప కోతల కాలం.

కరుణ నా భార్య. కువైట్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. ఏప్రిల్‌తో ఒప్పందం అయిపోతుంది. ఇప్పుడు వెళ్ళగానే మరో రెండేళ్ళకి సంతకం పెడుతుందో లేదో ఆస్పత్రివాళ్ళకి చెప్పాలి. సెలవుకి వచ్చిన ఈ నెల రోజుల్లో ఆ మాట నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. పెట్టొద్దని చెప్పాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. బడి నుంచి వచ్చి తాళం తీసుకుని చీకటింట్లోకి వెళ్ళడం ఎంత నరకమో రెండేళ్ళుగా చూస్తున్నాను. కానీ లెక్కల మాస్టారుగా నా జీతం ఎంతో ఇద్దరికీ తెలుసు కాబట్టి నోరు పెగల్లేదు.

ఈ కారు కొన్నది కూడా ఆమె కోసమే. ఒకసారి ఫోన్లో, “ఇక్కడ ఆస్పత్రి బస్సులోంచి పెద్ద పెద్ద కార్లు కనిపిస్తాయండీ. అలాంటిదాంట్లో ఒక్కసారి మా అమ్మ గుమ్మం ముందు దిగాలి,” అంది. అంతే, గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన వాడి వదిలేసిన విదేశీ కారు లక్షా ఎనభై వేలకి కొనేశాను. అంత కారు అంత చవగ్గా ఎందుకిస్తున్నావయ్యా అని అడగాలని తోచలేదు. వారం తిరక్కుండా స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయింది. దాని పంపు పద్దెనిమిది వేలు. తర్వాత ముందు చక్రాల షాకబ్జార్బర్లు, ఇరవై రెండు వేలు. ఆ తర్వాత రేడియేటర్. సామాను మద్రాసు నుంచి రావాలి, వచ్చేదాకా బండి షెడ్డులోనే. ఎడమవైపు అద్దం సగం దిగి ఆగిపోతే మాత్రం దాన్ని అలాగే వదిలేశాను.

చిలకలూరిపేటలో ఇడ్లీ తిన్నాం. పల్లీ చట్నీ బాగుంది, ఆ దారిన వెళ్ళేవాళ్ళు బస్టాండు ఎదుటి చిన్న హోటళ్ళలో తినొచ్చు. అక్కణ్ణించి పర్చూరు రోడ్డు పట్టాం. రెండు పక్కలా ఏరగా మిగిలిన పత్తి, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఎండెక్కుతోందని కరుణ ఏసీ మీట నొక్కింది. నేను వద్దనేలోపే ఇద్దరికీ తుమ్ములు లంకించుకున్నాయి. వ్యాపారి ఏళ్ళ తరబడి మచ్చు మిరపకాయల సంచులు వెనక సీట్లో వేసుకుని తిరిగాడు. ఆ కారమంతా ఏసీ గొట్టాల్లో చేరింది. రెండుసార్లు విప్పి కడిగించినా పోలేదు.

“గుంటూరోళ్ళ ఏసీ ఇలాగే ఉంటదేమో,” అంటూ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఆ కారు కొనొచ్చు అనిపించింది.

పర్చూరు పొలిమేరలో బండి ఒక్క కుదుపు కుదిపింది. ఇంజను అరుస్తోంది గానీ చక్రం కదలదు. రోడ్డు పక్కన షెడ్డు మస్తాన్ అనే మెకానిక్‌ది. కింద దూరి చూసి, వేలికి అంటిన నల్లటి నూనె వాసన చూపించాడు.

“గేరుబాక్సు సార్. ఆయిలు మాడిపోయింది. కొత్త ఆయిలు పోస్తే ఇయ్యాల్టికి నడుస్తది. నెలలోపు విప్పాల్సిందే. తొంభై వేలన్నా అవుద్ది. బండి మంచిదే సార్, అలవాట్లే గొప్పోళ్ళవి.”

కరుణ నవ్వలేదు. వేళ్ళు మడిచింది. “స్టీరింగు ఒక నెల. షాకబ్జార్బర్లు ఒక నెల పైన. ఇది నాలుగున్నర నెలలు,” అంది. నెలకి ఆమె ఇంటికి పంపేది ఇరవై వేలు. గల్ఫులో ఉన్నవాళ్ళు ఏ ఖర్చయినా అక్కడ చేసిన నెలల్లోనే చెప్పుకుంటారట. అంతకుముందు ఎప్పుడూ నా ముందు అలా లెక్కపెట్టలేదు.

ఆయిలు పోస్తున్నంతసేపూ బల్ల మీద పక్కపక్కన కూచున్నాం. చివరికి నెమ్మదిగా, “సంతకం పెట్టేస్తాలెండి,” అంది. ఆమెను దగ్గరకి తెచ్చుకోవడానికి కొన్న బండే ఆమెను మళ్ళీ రెండేళ్ళు పంపిస్తోంది. మస్తాన్ పక్కనే ఉన్నాడు. లేచి వెళ్ళి ఆయిలు డబ్బులు లెక్కపెట్టి వాడికిచ్చాను.

వేటపాలెం చేరేసరికి పదకొండు. వీధంతా కాల్చిన జీడిగింజల వాసన. అత్తగారు పప్పు వలిచే పనికి ఆ పూట సెలవు పెట్టింది. కరుణ గుమ్మం ముందు దిగుతుంటే ఇరుగుపొరుగు వచ్చి నిలబడ్డారు. అత్తగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, “బాగుంది గానీ అల్లుడుగారూ, ఈ బండి నా కూతుర్ని దింపడానికేనా, తీసుకురావడానిక్కూడానా?” అంది. అందరూ నవ్వారు. చేపల పులుసుతో అన్నం పెట్టింది.

చీరాల స్టేషను రోడ్డులో కరుణ తనంతట తనే ఏసీ వేసింది. “ఘాటు,” అంటూ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. ఇద్దరమూ ఏసీ కట్టేయలేదు. రైలు వచ్చింది, ఎక్కింది, కిటికీ దగ్గర చెయ్యి పట్టుకుంది, బండి కదిలింది. సంతకం పెట్టొద్దని మాత్రం అప్పటికీ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో తిన్నగా మస్తాన్ షెడ్డుకి వెళ్ళాను. “దీన్ని తీసుకుంటావా?” అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, “విప్పి సామానుకైతే అరవై వేలిస్తా సార్. మేడమ్‌ని అడిగారా?” అన్నాడు. అడగలేదన్నాను. తాళాలు చేతిలో పెట్టి గుంటూరు ఎర్రబస్సెక్కాను. పక్క సీట్లో మిరప రైతు ఒకాయన కాసేపు చూసి, “ఎవర్నో బండెక్కించి వస్తన్నట్టున్నారు,” అని సగం జామకాయ నా చేతిలో పెట్టాడు. ఆ దారి బస్సులో వెళ్ళినా బాగానే ఉంటుంది. కాకపోతే పక్కన మనిషి ఉండాలి. లేకపోతే ఎంత పచ్చటి చేనైనా కళ్ళకి ఆనదు.

గుంటూరు బస్టాండులో దిగి, కరుణ మద్రాసు చేరే వేళ దాకా ఆగి, ఎస్టీడీ బూత్ నుంచి ఆ రాత్రికి ఆమె దిగిన పెదనాన్న కూతురింటికి ఫోన్ చేశాను. తనే ఎత్తింది.

“కారు అమ్మేశాను,” అన్నాను.



“మరి నన్ను మద్రాసు నుంచి దేంట్లో తీసుకొస్తారు?”

“బస్సులో.”

“ఏప్రిల్లో ఎండలు మండిపోతాయి కదండీ,” అంది. “నీడ వైపు సీట్లు పట్టండి.”