వయొలిన్ ఆగే చోటు

మా బావకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ముందుదా?" అని అడగడమే ఆయన పని. ఆ ప్రశ్నని దుకాణంలోనే పెట్టి తాళం వేసి వస్తే నాకీ బాధ ఉండేది కాదు.

ఇంట్లో ఆయనకి రెండు పాత స్పీకర్లున్నాయి. నా నడుమెత్తు టేకు పెట్టెలు. ఒకప్పుడు బాగా డబ్బున్నవాళ్ళే కొనుక్కునే రకం. పెళ్ళైన కొత్తలో వాటిని మోయించుకొచ్చి, "లోపల కెపాసిటర్లు ముసలివైపోయాయి. అవి మార్చేస్తే చాలు, ఇద్దరం హాయిగా కూర్చుని విందాం" అని మా అక్కతో అన్నాడు. అక్క నమ్మింది. ఇప్పుడు వాళ్ళ కూతురు హైస్కూల్లో ఉంది. ఆ స్పీకర్లలో అక్క ఇంతవరకూ ఒక్క రికార్డు కూడా చివరిదాకా వినలేదు.

కెపాసిటర్లు మార్చాడు. సన్నటి స్వరాలు చెవుల్లో గుచ్చుకున్నాయి. పాతవే నయమనుకుంటే, వాటిని అప్పటికే చెత్తలో పారేశాడు మహానుభావుడు. కొత్తవాటి పదును తగ్గించడానికి రెసిస్టర్లు తగిలించాడు. ఈసారి ఎడమది మెత్తబడింది, కుడిది మొండికేసింది. తర్వాత వైర్లు మార్చాడు. సెలవొస్తే చాలు, వెనక పలక ఊడదీసి, లోపలి దూది పీకి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని హాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పైవాటాలో ఉండే నేను కిందికొస్తే ఆయన్ని దాటుకునే వెళ్ళాలి.

పరీక్షకి ఎప్పుడూ ఒకటే వయొలిన్ రికార్డు. అక్కని సోఫాలో సరిగ్గా మధ్యన కూర్చోబెట్టేవాడు. వయొలిన్ నింపాదిగా మొదలై, మెట్టుమెట్టుగా ఎక్కి, పైస్థాయి అందుకోబోతుండగా "ఆగాగు" అంటూ సూది ఎత్తేసేవాడు.

"ఇది బాగుందా, ముందుదా?"

"రెండూ బాగున్నాయండీ."

"అదేం జవాబు? సరిగ్గా వినాలి కదా."

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఒక్కసారి పూర్తిగా పెడితే కొంపేం మునిగిపోతుంది బావా?" అనేవాణ్ణి.

"లోపం తెలిసి తెలిసి ఎలా వినమంటావోయ్?" అనేవాడు, తల ఎత్తకుండానే.

మొన్న ఆదివారం మా మేనకోడలు అద్దం ముందు జడ వేసుకుంటూ ఆ వయొలిన్ ముక్కే కూనిరాగం తీస్తోంది. పైకెక్కి, ఇంకా ఎక్కి, ఆ చోటికి రాగానే "ఆగాగు" అని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఎగతాళికి కాదు. పుట్టినప్పటినుంచీ అలాగే విన్న పిల్లకి అదీ పాటలో భాగమే. నేను పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూతురివంకే చూశాడు. తర్వాత పలకలు బిగించి అక్కని పిలిచాడు.

"ఇలా వచ్చి కూర్చో. ఇవాళ ఏమీ అడగను."

రికార్డు పెట్టి తనూ పక్కన కూర్చున్నాడు. వయొలిన్ మొదలైంది, మెట్లెక్కింది, ఆ చోటికొచ్చింది. ఎడమ స్పీకర్ కాస్త గరగరలాడింది, నాకే తెలిసిపోయింది. బావ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు కానీ లేవలేదు.

అక్క లేచింది. "రెండూ బాగున్నాయండీ" అంటూ వంటింటి గుమ్మం దాకా నడిచింది. వెనక వయొలిన్ ఇంకా పైకి పోతూనే ఉంది. అక్క ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇంకా ఉందా ఇది?" అంది.