సముద్రం కాలేజీ, కొండ కాలేజీ

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఇంటికి ఉత్తరాలు రావు. ఏ ఉత్తరమైనా పోస్టాఫీసులో ఉండే పెట్టెకే వస్తుంది. మా పెట్టె తాళంచెవి నాన్న పనిచేసే ఆసుపత్రి ఆఫీసులో ఉండేది. అందుకని నాకొచ్చిన రెండు కవర్లూ నాకంటే ముందు నాన్న చేతిలో పడ్డాయి. తెరవలేదు, నిజమే. వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడని మాత్రం ఒట్టేసి చెప్పగలను. రోజంతా ఎక్స్‌రే ఫిల్ములు చూసే మనిషి ఊరుకుంటాడా?

"రెండిట్లోనూ సీటు వచ్చినట్టుండాది మా," అన్నాడు గుమ్మంలోనే, బూట్లు కూడా విప్పకుండా. ముఖంలో సంతోషం సగమే కనిపించింది.

మిగతా సగం ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. అమెరికాలో డాక్టరు కావడానికి రెండు రకాల కాలేజీలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన ఎం.డి. కాలేజీ. రెండోది ఆస్టియోపతీ కాలేజీ, అక్కడ డి.ఓ. పట్టా ఇస్తారు. వాళ్ళూ మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. దాంతోపాటు చేత్తో ఒళ్ళు పట్టి చూడటం, కండరాలనూ కీళ్ళనూ చేత్తోనే సర్దడం కూడా నేర్పుతారు. నాకు సీట్లొచ్చినవి రెండూ ఈ రెండో రకం కాలేజీలే. నాన్న అక్కడ ట్రైనింగ్‌లో ఉన్న రెండేళ్ళలో నేను పుట్టాను కాబట్టి ఆ దేశం పాస్‌పోర్టు నాకుంది. పన్నెండో క్లాసు దాకా ఖమీస్‌లో చదివి, డిగ్రీకి అక్కడికి వెళ్ళి, ఒక సెమిస్టర్ ముందే ముగించుకుని ఇంటికొచ్చి, అమ్మ చేసిన ఉగ్గాణీ తింటూ కూర్చున్న రోజులవి. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది.

నాన్న ఎముకల డాక్టరు, కడప జిల్లా మనిషి. కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు ఆయన దగ్గరికి వచ్చే కేసుల్లో సగం నాటుకట్లు కట్టించుకుని, చెయ్యి నల్లబడ్డాక వచ్చినవేనట. ఒక పిల్లవాడి చెయ్యి తీసేయాల్సొచ్చిన కథ చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు మారుతుంది. అలాంటి మనిషికి చేతివైద్యం మాటెత్తితే ఒళ్ళు మండదా?

"పిసికేది నేర్చుకునేదానికి నాలుగేండ్లా? మా ఊర్లో కట్లు కట్టే ఆయప్ప దగ్గర వారంలో నేర్చుకోవచ్చు గదా!"

"అది వేరు, ఇది వేరు నాన్నా. నువ్వు ఒక్క పేజీ అయినా చదివి మాట్లాడు."

"చదివినా లే. నీకు పళ్ళు రాకముందు నుంచీ చదువుతాండా."

నాకొచ్చిన కోపం ఆయన దగ్గర్నుంచి వచ్చిందే కాబట్టి ఇద్దరం సమఉజ్జీలం. నాలుగు రోజులు ఇల్లు అట్టుడికిపోయింది. ఐదో రోజుకు నాన్న ఒక మెట్టు దిగాడు. సరే, డి.ఓ.నే చదువు, కానీ నేను చెప్పిన కాలేజీలో చదువు అన్నాడు. మూడు వారాల్లోగా ఏదో ఒక కాలేజీకి సంతకం చేసిన ఫారం ఫ్యాక్స్ చేయాలి. రెండో సీటు వదులుకోవాలి. వదిలితే మళ్ళీ రాదు.

ఆ కాలేజీలకు పేర్లు పెట్టింది అమ్మ. ఒకటి పెద్ద నగరంలో, సముద్రం ఒడ్డున ఉంది. పాత కాలేజీ, పక్కనే పెద్ద ఆసుపత్రి, పదిహేను నిమిషాల దూరంలో మా పిన్ని ఇల్లు. అది సముద్రం కాలేజీ. రెండోది ఎక్కడో కొండల్లో, చిన్న ఊళ్ళో ఉంది. కొత్తది. చుట్టుపక్కల గని కూలీలకూ రైతులకూ వైద్యం చేయడానికే పెట్టారు. ఆ ఊళ్ళో కందిపప్పు దొరకదని అమ్మ ఎలాగో కనుక్కుంది. అది కొండ కాలేజీ.

నాన్న ఓటు సముద్రానికే. అమ్మది కందిపప్పుకు, అంటే అదీ సముద్రానికే.

నా మనసు మాత్రం కొండెక్కి కూర్చుంది. ఎందుకని అడిగితే కొండల మీదున్న మా ఖమీస్‌లాగే చల్లగా ఉంటుందని చెప్పాను. "చలి కోసం కాలేజీకి పోతారా ఎవురైనా?" అని నాన్న నవ్వాడు. అసలు కారణం ఆ కాలేజీ ఇంటర్వ్యూలో జరిగింది. అది చెప్పాలంటే నాన్న సంగతే చెప్పాలి. చెబితే ఆయన్ను బుట్టలో వేసుకోవడానికి చెప్పినట్టుంటుంది. నాకు పొగరెక్కువ. నోరు మూసుకున్నాను.

ఇలా మూడో శుక్రవారం వచ్చింది.

మా ఇంట్లో శుక్రవారానికి ఒక పద్ధతి ఉండేది. సెలవు కాబట్టి కంపెనీ బండ్లు కూలీలను క్యాంపుల నుంచి బజారుకు తెచ్చి వదిలేవి. వాళ్ళలో మన తెలుగువాళ్ళు, ఎక్కువగా జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్ళు, నడుమునొప్పి, మోకాలునొప్పి ఉంటే మా ఇంటికి వచ్చేవాళ్ళు. కంపెనీ కాగితం లేకుండా వాళ్ళకు ఎక్స్‌రే తీయరు. ఆ కాగితం అడిగితే పని చేతకాదంటున్నాడని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎక్కడ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తాడోనని వాళ్ళ భయం. అందుకని నాన్న ముందుగదిలో, మేము మజ్లిస్ అనే ఆ తివాచీల గదిలో, వాళ్ళను కూర్చోబెట్టి ఎక్స్‌రే లేకుండా, ఉత్త చేతుల్తో చూసేవాడు. దాన్ని వైద్యం అని ఎప్పుడూ అనలేదు. "ఊరికే చూస్తాండా" అనేవాడు. పద్దెనిమిదేళ్ళు ఊరికే చూశాడు.

ప్రతివాణ్ణీ ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఎక్కడ నొప్పి అని కాదు. "ఏ పక్కకు తిరిగి పండుకుంటావు?" అని. నొప్పి గురించి అడిగితే మనిషి ఉద్యోగం పోతుందని దాచిపెడతాడు, నిద్ర గురించి అడిగితే దాచడు, అంటాడు నాన్న. చిన్నప్పుడు హోంవర్కు ఆ గదిలోనే చేసుకునేదాన్ని కాబట్టి ఎక్కాలతో పాటు ఆ ప్రశ్న కూడా నాకు నోటికొచ్చేసింది.

ఆ శుక్రవారం నలుగురొచ్చారు. వాళ్ళలో షట్టరింగ్ పని చేసే ఒక పెద్దాయన నన్ను తొమ్మిదో క్లాసు నుంచీ ఎరుగును. క్యాంపు గది వెనక పెంచిన పుదీనా కట్ట తేకుండా ఎప్పుడూ రాలేదు. నాన్న ఆయన కుడి భుజం పట్టుకుని మెల్లగా తిప్పుతూ, ఇంట్లో ఓడిపోతానన్న భయమేమో, మా తగువును పంచాయతీలో పెట్టేశాడు.

"మీరే చెప్పండప్పా. ఒకచోట ఈమె పిన్నమ్మ ఉండాది. ఇంకోచోట ఎవురూ లేరు. యాడికి పోవాల?"

"పిన్ని కాడికే సార్," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. "మనోళ్ళుంటే యాళకింత అన్నం దొరుకుతది." వంటింట్లోంచి అమ్మ, "చెప్పండి, బాగా చెప్పండి," అని కేకేసింది.

పెద్దాయన మాత్రం నావైపు తిరిగాడు. "ఆడ మేస్త్రి ఎవలు బిడ్డా?"

"మేస్త్రి ఏంటి? కాలేజీ అది."

"గదే అడుగుతున్న. నీకు పని నేర్పేటోడు. నేనొచ్చినప్పుడు ఏజెంటు చేతుల రెండు వీసాలుండె. ఒకటి రాబిగ్‌ల పెద్ద కంపెనీ, ఏసీ రూములు. ఇంకోటి ఈ ఖమీస్‌ల చిన్న కంట్రాక్టరు. అందరు రాబిగ్ రాబిగ్ అన్నరు. నేను మేస్త్రి ఎవలని అడిగిన. ఈడి మేస్త్రి మా అన్నకు డ్రాయింగు చదువుడు నేర్పినోడు. ఈడికే వచ్చిన. కంపెనీదేమున్నది బిడ్డా, బోర్డు. పొద్దంత నీ పక్కపొంటి నిలవడేది మేస్త్రి గద."

ఇక దాచడం నా వల్ల కాలేదు. అందరి ముందూ చెప్పేశాను.

సముద్రం కాలేజీ ఇంటర్వ్యూలో నాకు భవనాలు చూపించారు. కొండ కాలేజీలో చూపించదగ్గ భవనాలు లేవు కాబట్టి ఒక ముసలి ప్రొఫెసర్ మమ్మల్ని, ఆరుగురిని, ఒక గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ బల్లమీద ఆ ఊరి గనిలో పనిచేసి రిటైరైన మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. ఒక్కొక్కరూ ఆయన వీపు మీద చెయ్యి పెట్టి ఏం తెలిసిందో చెప్పాలి. మిగతావాళ్ళు తాము చదివిన కండరాల పేర్లన్నీ చెప్పారు. నా వంతు వచ్చేసరికి భయంతో ఒక్క పేరూ గుర్తురాలేదు. చెయ్యి పెట్టి, నోటికొచ్చింది అడిగేశాను. "మీరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారు?" అని.

ఆ మనిషి తలెత్తి నన్ను చూశాడు. ప్రొఫెసర్ కూడా చూశాడు. ఈ ప్రశ్న నీకెవరు నేర్పారు అన్నాడు.

"నువ్వేమన్నవు బిడ్డా?" అన్నాడు పెద్దాయన.

"మా నాన్న అన్నాను. శుక్రవారాల్లో అన్నాను."

పెద్దాయన భుజం మీద నాన్న చేతులు ఆగిపోయాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. కాసేపటికి నాన్న, "చెయ్యి పైకెత్తప్పా, ఇంకొంచెం," అని పెద్దాయనతో అన్నాడు.

మర్నాడు శనివారం, అక్కడ వారానికి మొదటి పనిదినం. నాన్న టై కట్టుకుని గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు.

"ఫారం ఇటియ్యి, ఫ్యాక్స్ చేస్తా. ఒకటే ఇయ్యాల. రెండూ ఇస్తే నాకు నచ్చింది పంపిస్తా, ముందే చెప్తాండా."

కొండ కాలేజీ ఫారం ఇచ్చాను. చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికొచ్చి, ఫ్యాక్స్ అందినట్టు మిషన్ ఇచ్చిన చీటీని తీసి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించాడు. "కందిపప్పు ఎన్ని కిలోలు పట్టుకుపోనిస్తారో కనుక్కో," అని అమ్మతో అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చింతకాయ పచ్చడి మీదకు నెట్టేశాను.

జూలై చివర్లో నా ప్రయాణం. అంతకు ముందు శుక్రవారం పేషెంట్లు వెళ్ళిపోయాక మజ్లిస్‌లో కప్పులు తీస్తున్నాను. నాన్న తివాచీ మీదనుంచి లేవబోయి, ఆగి, గోడ పట్టుకున్నాడు. నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు.

"సరే, రా. ఆ ముసలాయప్పకు చూపించినావంట గదా. నాకూ చూపించు."

చొక్కా మీదుగానే ఆయన వీపు మీద చెయ్యి పెట్టాను. నాన్న వీపును అలా తాకడం నాకు అదే మొదటిసారి. చిన్నప్పుడు ఎక్కి ఆడిన వీపే. నడుముకు ఎడంపక్క కండ ఎండిన తోలులాగా బిగుసుకుపోయి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆపరేషన్ బల్ల మీదకు వంగిన నడుము.

ఆయన మాటల్లోనే అడిగాను. "ఏ పక్కకు తిరిగి పండుకుంటావు నాన్నా?"

నవ్వేశాడు. పరాచికానికి అనుకున్నాడేమోనని మళ్ళీ అడిగాను.

"యాడ పండుకుంటాండా మా," అన్నాడు చివరికి. "పండుకుంటే పొద్దున లేయలేను. కూచోనే నిద్రపోతాండా, ఐదారేండ్లాయ."

మా నాన్న సోఫాలో కూర్చుని టీవీ ముందు నిద్రపోతాడని మేము ఎంత ఏడిపించేవాళ్ళమో చెప్పలేను. "నాకంటే ఆ వార్తలు చదివే ఆమే ఆయనకు ముద్దు," అని అమ్మ పిన్నితో ఫోన్లో చెప్పి నవ్వేది. సెలవులకొచ్చినప్పుడల్లా నేను ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయే ఫోటోలు తీసి అందరికీ పంపేదాన్ని. ఖమీస్‌లో ఉన్న తెలుగువాళ్ళ నడుములన్నీ ఆ గదిలో చూసిన మనిషి. ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరం. ఇద్దరిలో ఒక్కరమూ ఆయన్ను అడగలేదు.

అమ్మ టీ గ్లాసులతో వచ్చి ఎప్పుడు నిలబడిందో తెలియదు. గ్లాసులు కింద పెట్టి, ఆయన పక్కన తివాచీ మీద కూర్చుంది. నేను చెయ్యి తీయలేదు.

"ఇంకొంచెం కిందికి మా," అన్నాడు నాన్న. "ఆ, ఆడ."