బీరువాలో గూఢచారి, మంచం మీద మామయ్య

నాకు గూఢచారుల సినిమాలంటే ప్రాణం. అయితే సూటూ బూటూ వేసుకుని అద్దాల మేడల మీంచి దూకే పెద్దమనుషుల సినిమాలు కావు. నాకు కావలసిన గూఢచారి వేరు. వాడు శత్రువుల విందులో విరేచనాల మందు కలిపిన పాయసాన్ని పొరపాటున తనే తాగేస్తాడు. దేశ రహస్యమున్న చిప్పు మింగేస్తాడు, అది బయటికి ఎప్పుడొస్తుందా అని ఇద్దరు పెద్ద ఆఫీసర్లు మరుగుదొడ్డి తలుపు దగ్గర కాపలా కాస్తారు. పారిపోతూ సెప్టిక్ ట్యాంకులో పడి, తల మాత్రం పైకి పెట్టి, వైర్‌లెస్‌లో అంతా క్షేమమని చెబుతాడు. మధ్యాహ్నం పూట టీవీలో డబ్బింగ్ చేసి వేస్తారే, అవి. డిగ్రీ చదువుకున్నదానివి, ఆ వాంతులూ విరేచనాలూ చూసి నవ్వెట్లా వస్తుందని మా ఆయన చీదరించుకుంటాడు. ఎట్లా వస్తుందో నాకూ తెలియదు. కడుపు పట్టుకుని నవ్వుతాను.

అత్తగారింట్లో ఆ నవ్వుకు చోటు లేదు. బాన్సువాడ పక్కనే ఊరు, వరీ చెరకూ పండించే పాత కుటుంబం. మా మామయ్య ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటరు. ఆయన హాల్లోకి వస్తున్న అలికిడి కాగానే నేను లేచి, కొంగు సర్దుకుని, చానల్ మార్చి వార్తలు పెట్టేదాన్ని. ఒకసారి రిమోట్ సమయానికి పనిచేయలేదు. ట్యాంకులోంచి పైకి లేస్తున్న గూఢచారిని ఆయన నా వెనక నిలబడి చూడనే చూశారు. కోప్పడలేదు.

"గిదేం సినిమా బిడ్డా. జర ఇంట్ల ఊదుబత్తి ముట్టియ్యి" అని వెళ్ళిపోయారు.

ఆ ఇంట్లో ఎవరికీ కడుపులో గ్యాస్ ఉండదు. ఉన్నా పెరట్లోకి వెళ్ళాకే ఉంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తన ముందు గట్టిగా తేన్చను కూడా లేదని మా అత్తమ్మ గొప్పగా చెప్పుకుంటుంది.

దీనికి తోడు మా నాన్న. మా పుట్టినిల్లు కోటగిరి వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుని స్థిరపడ్డవాళ్ళం. ఎక్కడ మర్యాద తక్కువైందని వీళ్ళనుకుంటారోనని మా నాన్న భయం, ఎక్కడ తక్కువ చేశామని ఆయననుకుంటాడోనని మామయ్య భయం. ఇద్దరినీ పక్కపక్కన భోజనానికి కూర్చోబెడితే నువ్వు ముందంటే నువ్వు ముందని అన్నం చల్లారిపోవలసిందే.

మొన్న నాట్లప్పుడు మామయ్యకు పేగు మెలిపడింది. బాన్సువాడలోనే ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ చేశారు. బాగానే జరిగిందన్నారు డాక్టరుగారు. కానీ గాలి బయటికి పోయేదాకా చుక్క నీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు. గాలి పోతేనే పేగు మళ్ళీ పనిలో పడ్డట్టు. లోపల చప్పుడు వినిపిస్తోంది, బయటికి మాత్రం రావట్లేదు, ఎందుకో అర్థం కావట్లేదని ఆయన తల పట్టుకున్నారు. సాయంత్రం దాకా చూసి నిజామాబాద్ పంపిస్తామనీ, అక్కడ మళ్ళీ కోయాల్సి రావచ్చనీ మెల్లగా చెప్పారు. ఆ వయసులో మళ్ళీ కోత అనేసరికి అత్తమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మామయ్య పెదాలు ఎండి పొక్కులు కట్టాయి. తడిగుడ్డతో అద్దడం తప్ప మేం చేయగలిగింది లేదు.

ఈ కబురు చుట్టాలందరికీ పాకింది. రుద్రూర్ నుంచి, బిచ్కుంద నుంచి పళ్ళ సంచులు పట్టుకుని దిగారు. నీళ్ళు తాగకూడని మనిషి చుట్టూ బత్తాయిలూ అరటిపళ్ళూ పేర్చి, ఒక్కొక్కరే వంగి, ఇంకా పోలేదా అని అడగడం. ఫోన్లలోనూ అదే ప్రశ్న. మా ఆయన మేనత్త అయితే పోయేదాకా ఉపవాసమని మొక్కుకుంది. జీవితంలో ఏ మాట తన ముందు ఎవరూ అనకూడదనుకున్నారో ఆ మాట కోసం మూడు మండలాలు ఎదురు చూస్తుంటే, మామయ్య పైకప్పు వంక చూస్తూ పడుకున్నారు.

మా నాన్న పొద్దున్నే వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వియ్యంకుడు జబ్బు పడితే పలకరించి వెంటనే లేచిపోకూడదు, లేస్తే చిన్నచూపు చూసినట్టు. కాబట్టి లేవడు. వియ్యంకుడు కూర్చుని ఉండగా తను కళ్ళు మూసుకోవడం మర్యాద కాదని మామయ్య. కాబట్టి పడుకోరు. కుట్ల మీద ఇస్త్రీ చొక్కా కప్పమన్నారు కూడా.

అప్పుడు చూశాను. మా నాన్న వర్షాల గురించి చెబుతుంటే, ఊఁ కొడుతున్న మామయ్య మధ్యలో ఆగిపోయారు. కాలివేళ్ళు ముడుచుకున్నాయి, కణతల మీద చెమట పట్టింది, దుప్పటి అంచు పిడికిట్లో నలిగింది. కాసేపటికి ఊపిరి వదిలి, అవును బావా అన్నారు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. విలన్ గదిలో బీరువాలో ఇరుక్కుని, బయట విలన్లు మాట్లాడుకుంటుంటే లోపల బిగబట్టుకున్న గూఢచారి ముఖమది. నేను కొన్ని వందలసార్లు చూసిన ముఖం. మా మామయ్యకు గాలి రాకపోవడం కాదు, వచ్చినదాన్ని చుట్టాల ముందు, అందులోనూ మా నాన్న ముందు వదలలేక ఆపుకుంటున్నారు.

మా ఆయనను వరండాలోకి పిలిచి చెప్పాను. సినిమాలు చూసి చూసి నీ బుర్ర పాడైందన్నాడు. ఇక వీళ్ళతో లాభం లేదనుకుని మా నాన్న దగ్గరికెళ్ళి, టీ తాగి రమ్మన్నాను. ఇట్లాంటప్పుడు మనిషిని వదిలిపెట్టి టీలేమిటమ్మా అన్నాడు. మర్యాదను మర్యాదతోనే కొట్టాలని తోచింది. మీ అల్లుడు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నాన్నా అని చెవిలో వేశాను. దెబ్బకు లేచి, అల్లుడి చెయ్యి పట్టుకుని హోటల్‌కు లాక్కుపోయాడు. అత్తమ్మ స్నానానికి ఇంటికెళ్ళి ఉంది. మిగతావాళ్ళను సిస్టర్ తరిమేసింది.

తీరా చూస్తే గదిలో నేను మిగిలాను. మనిషిని ఒంటరిగా వదలొద్దన్నారు డాక్టరు. వియ్యంకుడి కంటే కోడలు ఇంకా అన్యాయం. మామయ్య నా వైపు చూసి, గోడ వైపు తల తిప్పుకుని, మళ్ళీ దుప్పటి పట్టుకున్నారు. వదిలేయండి మామయ్యా అని కోడలు ఏ నోటితో చెబుతుంది? ఫోన్ తీశాను. బీరువా సినిమా పెట్టి, సౌండు చివరిదాకా పెంచి, ఆయనకు కనబడేలా పళ్ళ సంచికి ఆనించి నిలబెట్టాను.

బంద్ చేయమన్నారు. నాకు వినబడనట్టు బత్తాయిలు సర్దసాగాను. గూఢచారి మిరపకాయ బజ్జీలు తిని బీరువాలో దూరాడు. బయట విలన్లు కుర్చీలు వేసుకుని సమావేశం మొదలుపెట్టారు. వాడి బుగ్గలు ఉబ్బుతున్నాయి. కాసేపటికి మామయ్య గొంతు వినబడింది.

"వాడెందుకు గట్ల మెలికలు తిరుగుతుండు?"

"బయట పెద్దమనుషులున్నరు మామయ్యా. చప్పుడు ఇంటరని బిగబట్టిండు."

"ఎంతసేపు బిగబడ్తడు? సస్తడు."

"అవును మామయ్యా," అన్నాను. చేతిలోని బత్తాయిని సంచిలో పెట్టి ఆయన వైపు తిరిగాను. "సస్తడు."

ఆయన నా వంక చూశారు. ఆ చూపుకు నేను తల దించుకోలేదు. ఫోన్లో బీరువా తలుపులు ఊడి, విలన్ల టోపీలు ఎగిరిపోయాయి. మామయ్య నవ్వారు. కుట్లు నొప్పి పెట్టి రెండు చేతులతో కడుపు పట్టుకుని, అబ్బా అబ్బా అంటూ నవ్వారు. ఆ నవ్వులో గూఢచారి చప్పుడు ఆగిపోయాక కూడా గదిలో ఇంకో చప్పుడు సాగింది. నిదానంగా, పొడుగ్గా సాగింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని గోడకు తిరిగి నిలబడ్డాను. ఏడ్చానో నవ్వానో చెప్పలేను.

అంతలోనే సిస్టర్ వచ్చింది. ఆమె వెనకే హోటల్ నుంచి మా నాన్న, మా ఆయన, ఇంటి నుంచి అత్తమ్మ, వరండాలోంచి చుట్టాలు. గది మళ్ళీ నిండిపోయింది. గాలి పోయిందా అని సిస్టర్ అడిగింది. మామయ్య పైకప్పు చూశారు. నేను నేల చూశాను. అయితే నిజామాబాద్‌కు అంబులెన్స్ చెప్పమంటానని ఆమె వెనక్కి తిరిగింది. ఇక ఆగలేకపోయాను.

"పోయింది సిస్టర్. నేను ఇన్న."

మా నాన్న కళ్ళు మూసుకున్నాడు. నిండు సభలో మామగారి గురించి కోడలు అనవలసిన మాట కాదు మరి. సిస్టర్ ఫోన్ వైపు అనుమానంగా చూసింది. వరండాలోకి సినిమా మోత వినబడిందనీ, నేను విన్నది కూడా అదే కావచ్చనీ అంది. నేనేదో చెప్పబోయాను. ఒట్టు వేసి చెప్పడానికి కూడా ఎట్లా చెప్పాలో తెలియలేదు.

మంచం మీద మామయ్య చొక్కా సర్దుకున్నారు. గొంతు సవరించుకుని, ముందు మా నాన్న వైపు చూసి, తర్వాత సిస్టర్ వైపు తిరిగారు.

"సినిమాల వానిది కాదమ్మా. నాదే. ఇగ నీళ్ళియ్యి."