మా నిమిషం మేడమ్

“పాప ఊపిరి తేడాగా ఉంది వదినా. గుర్రుగుర్రుమంటోంది. హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోదామా?”

మిట్టమధ్యాహ్నం, చెప్పులైనా వేసుకోకుండా, పాపను భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చి నేనన్న మాట అది. వదిన మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, గౌను పైకెత్తి, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి పోతోందేమోనని కాసేపు చూసింది. తర్వాత ముక్కు చూసింది.

“ముక్కు దిబ్బడేసింది, అంతే. నీ మొహం చూసి జడుసుకుని ఏడుస్తోంది పిల్ల. ముందు నువ్వు కూర్చో, నీకే ఊపిరాడటం లేదు” అంది.

వదిన అంటే మా ఆయన అక్క. కింది వాటా ఆమెది, పై వాటా మాది. మా వీధి చివర మలుపు తిరిగితే కనిపించే నాలుగంతస్తుల ఆసుపత్రిని నడిపేది ఆమే. డాక్టరు కాదు. మందుల గదిలో ఫార్మసిస్టుగా మొదలై, స్టోర్స్ చూసి, చివరికి అడ్మినిస్ట్రేటర్ కుర్చీలో కూర్చుంది. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. నేను చదివిన సైన్సు నాకు ధైర్యం ఇవ్వలేదు సరికదా, ఒంటికి ఏమేం రావచ్చో మరిన్ని సంగతులు చెప్పింది. “మా ఇంట్లో రెండు ఎమర్జెన్సీ వార్డులున్నాయి. ఒకటి మా అక్క నడుపుతుంది, ఇంకోటి మా ఆవిడ” అంటాడు మా ఆయన, నవ్వేవాళ్లు ఎవరు దొరికినా.

ఆసుపత్రిలో వదినను చాటుగా ‘నిమిషం మేడమ్’ అంటారు. కారణం ఆమె పెట్టిన నియమం. ఎవరికి ఏ అనుమానం వచ్చినా “ఒక్క నిమిషం ఆగండి” అనవచ్చు. అన్నవాళ్లు ఊడ్చే మనిషైనా, ఆగాల్సినవాళ్లు పెద్ద సర్జనైనా, అందరూ ఆగాల్సిందే. ఎందుకు ఆపారన్నది ఆగాకే అడగాలి. ఫార్మసిస్టుగా ఉన్న రోజుల్లో ఒక చీటీ చూసి ఆమెకు అనుమానం వచ్చిందట. రాసింది పెద్ద డాక్టరు కదా అని నోరు మూసుకుని మందు ఇచ్చేసిందట. రోగి బతికాడు కానీ చాలాకాలం మంచాన పడ్డాడు. ఆ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ నా వైపు చూడకుండా.

ఆ నియమం బాగానే నడిచింది, కొత్త నర్సు పిల్లల డాక్టరుగారిని ఆపేదాకా.

ఆయన ఆ ఆసుపత్రికి ప్రాణం లాంటివాడు. ఆయన కోసమే ఊరి అవతలి నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తారు. ఒక పిల్లాడికి ఇంజెక్షన్ చేయబోతుంటే ఆ అమ్మాయి, “ఒక్క నిమిషం ఆగండి డాక్టర్, డోసు ఎక్కువేమో అనిపిస్తోంది” అంది. ఆగారు. పుస్తకం తెరిచి చూశారు. డోసు సరిగ్గానే ఉంది. ఆ జబ్బుకి అంతే ఇవ్వాలి. ఆమెకు తెలిసింది మామూలు జ్వరాలకిచ్చే డోసు. ఈలోపు పిల్లాడి తండ్రి బెదిరిపోయాడు. “మీలో మీకే తెలియకపోతే మా వాడి మీద నేర్చుకుంటారా?” అని ఆ సాయంత్రమే పిల్లాణ్ణి వేరే చోటికి తీసుకెళ్లిపోయాడు.

డాక్టరుగారు వదిన గదిలోకి వచ్చి కూర్చోనైనా కూర్చోలేదు. “ఆ అమ్మాయైనా ఉండాలి, నేనైనా ఉండాలి.”

“ఇద్దరూ ఉండాలి. మీరు లేకపోతే వార్డు నడవదు. ఆ అమ్మాయిని పంపిస్తే నేను ఇక్కడ చేసిందేమీ మిగలదు” అంది వదిన.

ఆయన మానేయలేదు గానీ, ఆ రోజు నుంచి వదినతో ముక్తసరి మాటలే. నర్సు ఉద్యోగమూ నిలిచింది. వదిన గెలిచిందనే అనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆ తర్వాత ఆసుపత్రి నిశ్శబ్దమైపోయింది. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. గొడవల్లేవు, ఫిర్యాదుల్లేవు. యాజమాన్యం వాళ్లు పిలిచి మెచ్చుకున్నారు. వదిన మాత్రం అన్నం కెలుకుతూ కూర్చునేది.

“అంతమంది పనిచేసే చోట ఎవరికీ ఏ అనుమానమూ రావడం లేదంటే నమ్మమంటావా?” అని నన్ను అడిగింది.

“మా ల్యాబులో వరసగా ఏ సీసాలోనూ ఏమీ కనిపించకపోతే, నీళ్లు బాగున్నాయనుకోం వదినా. పరికరం పాడైందేమో చూస్తాం.”

“నాకూ అదే అనుమానం. పాడైంది ఏదో తెలియడం లేదు.”

ఆ వారమే పై అంతస్తులో ఒకావిడకి ఒంటికి పడని మందు ఎక్కించారు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. సాయంత్రానికి తగ్గాయి కాబట్టి సరిపోయింది. ఆ గదిలో ఉన్న ఇద్దరు నర్సులకీ అనుమానం వచ్చిందట. ఎందుకు ఆపలేదని వదిన అడిగితే ఇద్దరూ ఒకటే జవాబు: “ఖాయంగా తెలియదు కదా మేడమ్.” ఈసారి దద్దుర్లు. మరోసారి ఏమవుతుందో అన్నది ఆమె మొహంలోనే కనిపించేది.

ఒక ఆదివారం ఆమె మా ఇంట్లో టీ తాగుతోంది. అప్పటికి పాపకు నాలుగేళ్లు దాటాయి. పరిగెత్తుకొచ్చి, “అమ్మా, ఏదో కాలుతోంది, వాసనొస్తోంది!” అంది. నేను వంటింట్లోకి దూకాను. స్టవ్ చూశాను, మెయిన్ స్విచ్ ఆపాను, మేడ మీదకీ వెళ్లొచ్చాను. పక్కింటావిడ చీర ఇస్త్రీ చేస్తూ కాస్త మాడ్చిందట, అంతే. నేను రొప్పుతూ వచ్చి పాప చేయి పట్టుకుని, కోప్పడకుండానే అన్నాను: “చెప్పావు, మంచిదే తల్లీ. కానీ ఈసారి సరిగ్గా చూసుకుని చెప్పు. అమ్మకి గుండె ఆగినంత పనైంది.”

పాప తలూపి లోపలికి వెళ్లిపోయింది. వదిన కప్పు కింద పెట్టేసింది.

“నేనూ ఇదే అన్నాను” అంది.

“ఎవరితో?”

“ఆ నర్సుతో. ఆ రోజు గొడవంతా అయ్యాక గదికి పిలిచి, భుజం తట్టి, భయపడకమ్మా, నీ ఉద్యోగానికి ఢోకా లేదు అన్నాను. పంపించేటప్పుడు ‘ఈసారి ఖాయం చేసుకుని చెప్పు’ అన్నాను. ప్రేమగానే అన్నానే! ఆ అమ్మాయి వెళ్లి అందరికీ చెప్పి ఉంటుంది. చెప్పకపోతే ఆశ్చర్యం.” నా వైపు తిరిగి, “పాడైన పరికరాన్ని నేనేనన్నమాట” అంది.

మరునాడు పొద్దున డ్యూటీ మారే వేళకి ఆమె పిల్లల వార్డుకి వెళ్లింది. ఆ తర్వాత జరిగింది నాకు ఆ నర్సే చెప్పింది, మా పాపకు టీకా వేయించిన రోజున. నర్సులంతా, డాక్టరుగారూ బల్ల చుట్టూ నిలబడి ఉండగా వదిన ఆ అమ్మాయితో, “ఆ రోజు నువ్వు ఆపి మంచిపని చేశావు. తర్వాత నేనే తప్పు మాట అన్నాను. ఖాయం చేసుకోవడం నీ ఒక్కదాని పని కాదు. ఆగాక మనందరి పని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను” అంది.

“అంటే, తప్పుగా ఆపినా థాంక్స్ చెప్పాలన్నమాట!” అన్నారు డాక్టరుగారు.

“చెప్పాలి డాక్టర్.”

“బాగుంది. రౌండ్సుకి టైమైంది” అని ఆయన వెళ్లిపోయారు.

ఆ రోజూ ఎవరూ ఎవరినీ ఆపలేదు. మరునాడూ అంతే. వదిన ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది. “అనడానికి ఒక్క క్షణం పట్టింది. వెనక్కి తీసుకుందామంటే రావడం లేదు.”

“మీ డాక్టరుగారు అలిగి మానేస్తే మా ఇంటికి పంపక్కా. ఇక్కడ ఆయనకి రోజూ కేసులే” అన్నాడు మా ఆయన నా వైపు చూస్తూ.

“నువ్వు నోరు మూసుకో రా” అంది గానీ, నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, పిల్లల వార్డులో మంచాలు మార్చే విషయం మీద మీటింగు పెట్టారు. కిటికీ వైపు గోడకి మంచాలు జరుపుదామని వదిన చెబుతోంది. వెనక నుంచి డాక్టరుగారు చేయెత్తారు.

“ఒక్క నిమిషం ఆగండి మేడమ్. ఆ గోడకి ఆక్సిజన్ లైను లేదు.”

అందరూ లేచి వార్డులోకి వెళ్లారట. బీరువా జరిపి చూస్తే లైను శుభ్రంగా ఉంది. ఆయన పొరబడ్డారు. అప్పుడు అందరి కళ్లూ గోడ మీద లేవు, వదిన మొహం మీద ఉన్నాయి.

“ఆపి మంచిపని చేశారు డాక్టర్. థాంక్స్” అంది వదిన. ‘కానీ’ అనలేదు. మంచాలు జరపమని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆ నర్సు మందుల ట్రాలీని ఆపింది. రెండు మంచాల చీటీలు తారుమారయ్యాయేమోనని అనుమానం. కాలేదు. డాక్టరుగారు ఎటో చూస్తూ “ఆ... థాంక్సమ్మా” అన్నారట. వారం తిరిగేసరికి ఆసుపత్రిలో మళ్లీ గోల మొదలైంది. వదిన అన్నం కడుపునిండా తింది.

“ఆయనకి ఆ లైను సంగతి నిజంగా తెలియదా వదినా?” అని అడిగాను.

“ఏళ్ల తరబడి ఆ వార్డులోనే తిరుగుతున్న మనిషి. ఏమో మరి. నేను అడగలేదు, నువ్వూ అడక్కు.”

ఇంతలో మా ఇంట్లో ఇంకోటి జరిగింది. పాపకి చెవి నొప్పి వస్తోందని బడి నుంచి టీచరు ఫోను చేసి చెప్పేదాకా నాకు తెలియదు. ముందు రోజు నుంచీ ఉందట. “అమ్మకి ఎందుకు చెప్పలేదు?” అంటే, “సరిగ్గా చూసుకోలేదమ్మా, చెవి కనిపించదు కదా” అంది. నేను కింది వాటాకి వెళ్లి వదిన దగ్గర ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, తర్వాత చెప్పింది. ఇప్పుడు పాప ఏది చెప్పినా, నా గుండె ఎంత దడదడలాడినా, నేను చేస్తున్నది ఆమె చెప్పినదే.

“భయపడి వచ్చి చెప్పినవాళ్లకి, చెప్పి మంచిపని చేశావను. అని, అక్కడితో ఆపెయ్. నేర్పాల్సింది ఏదైనా ఉంటే రేపు నేర్పు, ఇంకో మాటగా నేర్పు. ఆ రెండిటినీ ఒక మాటలో కలిపావంటే, వాళ్లకి రెండోదే వినిపిస్తుంది.”